బెంజమిన్ రాబిన్సు చరిత్రము

మహాజనుల జీవితములను స్మరించుట మన సంఘ వార్షిక సంచికలకు ఆచారమై యున్నది. బోయకులమునందు పుట్టిన వీరులను గూర్చియు, భక్తులను గూర్చియు వ్యాసములు ఏటేట వెలువడుచునే యున్నవి. తిన్నని భక్తియు, ఏకలవ్యుని దీక్షయు మన పిల్లలకు ఉగ్గుపాలతో అలవడిన కథలు. ఈ సంవత్సరము మేము మన కులమునకు గాని, మన దేశమునకు గాని చెందని యొక పురుషుని చరిత్రమును వ్రాయ సంకల్పించితిమి. ఇదేమి వింత యని చదువరులు తలపవచ్చును. కాని యా మహాశయుడు ఏండ్ల తరబడి విచారించిన విషయము మన పెద్దలు తరతరములుగా చేతితో చేసిన పనియే. తుపాకిలో మందు ఎంత పోయవలెను, గుండు ఎట్లుండవలెను, గుఱి యేల తప్పును అను మూడు ప్రశ్నలకు ప్రయోగము చేసి, లెక్క వేసి, ప్రత్యుత్తరము చెప్పినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన పేరు బెంజమిన్ రాబిన్సు. ఆయన కన్ను మూసినదియు మన దక్షిణదేశమునందే. కావున ఈ చరిత్రము మనకు పరాయిది కాదని మా యభిప్రాయము.

మన సీమయందు తుపాకి

మన అగళి ప్రాంతము కన్నడ తెలుగు సీమలు కలియు పొలిమేర. ఒకవైపు శిరా, మఱియొకవైపు మడకశిర, చెంతనే రత్నగిరి దుర్గము, తూర్పున పెనుగొండ. ఈ సీమ పాళెగాండ్ర కాలమున బోయలు, అనగా కన్నడమున బేడరులు, వేటయందును యుద్ధమునందును ప్రసిద్ధులు. విల్లమ్ములు పోయి తుపాకి వచ్చినప్పుడు వారు దానిని కూడ శీఘ్రముగనే వశపఱచుకొనిరి. హైదరు, టిప్పు సుల్తానుల సేనలయందును బేడరు బంట్లు పేరొందిరి.

ఆ కాలపు తుపాకిని నింపు విధము నేటి యువకులలో అనేకు లెఱుగరు. సూరేకారము, గంధకము, బొగ్గు కలిపి నూఱిన మందును కొలతతో గొట్టము నోటినుండి పోయవలెను. దానిపై పీచు గాని గుడ్డపీలిక గాని ఉంచి, గజమను ఇనుపకమ్మితో దట్టించవలెను. పిమ్మట సీసపు గుండును జాఱవిడిచి, అది కదలకుండ మఱల దట్టించవలెను. ఈ పని యంతయు వేటకాని చేతిలోనిది. మందు చెమ్మగిల్లిన దినమున గుండు క్రిందుగా పోవునని వారెఱుగుదురు. గుండు గొట్టములో వదులుగానున్న గుఱి నిలువదనియు ఎఱుగుదురు. మందు మితిమీఱిన భుజమునకు దెబ్బయే గాని గుఱికి మేలు లేదనియు ఎఱుగుదురు. ఇంత యెఱిగియు, ఏల యట్లగునని యడిగినచో చెప్పుటకు వారికి శాస్త్రము లేకపోయెను. ఎఱిగినది వ్రాసియుంచుటకు అక్షరమును లేకపోయెను. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన విద్య, కొడుకు తుపాకి విడిచిన దినముననే యంతరించెను. ఈ లోపమును మనసునందుంచుకొని రాబిన్సు చరిత్రమును చదువవలెనని మా ప్రార్థన.

జననము, విద్య

రాబిన్సు 1707వ సంవత్సరమున ఇంగ్లండు దేశమునందలి బాత్ నగరమున జన్మించెను. తండ్రి బట్టలు కుట్టి జీవించు దర్జీ. కుటుంబము నిరుపేద. వారు క్వేకరులను మతశాఖకు చెందినవారు. ఆయుధధారణము, యుద్ధము పాపమని నమ్ముట ఆ శాఖవారి ప్రధాన ధర్మము. అట్టి యింట పుట్టిన బాలుడు ఫిరంగిశాస్త్రమునకు పునాది వేయుట దైవఘటన యనవలెను. పెరిగి పెద్దవాడై యాతడు ఆ శాఖవారి వేషమును ఆచారములను విడిచెను.

బడి చదువు ఆయనకు లభించినది స్వల్పము. గణితమును చాలవఱకు తానే చదువుకొనెను. ఆయన బుద్ధిని గమనించిన మిత్రులు కొందఱు లండనునందుండిన హెన్రీ పెంబర్టన్ అను పండితునకు ఆయనను గూర్చి తెలిపిరి. పెంబర్టను న్యూటను మహాశయుని గ్రంథమునకు మూడవ కూర్పును సిద్ధపఱచినవాడు. ఆయన ఈ యువకుని పరీక్షించి, మెచ్చి, లండనునకు రావించెను. రాబిన్సు ప్రాచీన గ్రీకు గణితజ్ఞుల గ్రంథములను, న్యూటను గ్రంథములను శ్రద్ధతో పఠించెను. 1727లో న్యూటను సిద్ధాంతమొకదానికి ఉపపత్తి వ్రాసి రాయల్ సొసైటీవారి పత్రికయందు ప్రకటించెను. ఆ సంవత్సరమే ఆ పండితసభకు సభ్యుడుగా ఎన్నుకొనబడెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువది యేండ్లు. దర్జీ కొడుకు విశ్వవిద్యాలయపు గడప త్రొక్కకయే దేశమునందలి విద్వాంసుల సరసన కూర్చుండెను.

ఉపాధ్యాయ వృత్తి

జీవనార్థము ఆయన గణితము బోధించుచుండెను. గుంపులుగా గాక ఒక్కొక్క శిష్యునకు వేఱువేఱుగా పాఠము చెప్పుచుండెనట. కొంతకాలమునకు ఆ వృత్తి ఆయనకు విసుగు పుట్టించెను. వంతెనలు, మరలు, ఓడరేవులు, చిత్తడినేలల నీటిని తీసివేయు కాలువలు, కోటలు మొదలగు నిర్మాణములయందు మనస్సు నిలిపి, వానిని చూచుటకై ఫ్లాండర్సు దేశమునకును పోయివచ్చెను.

శాస్త్రవాదములయందు ఆయన వెనుదీయువాడు కాడు. బెర్నూలీ యను ప్రసిద్ధ పండితుని సంఘాత సిద్ధాంతమును 1728లో ఖండించెను. బర్క్లీ యను మతాచార్యుడు న్యూటను గణితపద్ధతిని ఆక్షేపించి 1734లో గ్రంథము వ్రాయగా, మఱుసటి యేట దానికి సమాధానముగా తానొక గ్రంథము వ్రాసెను. రాజకీయములందును ఆయన కలము ఊరకుండలేదు. వాల్‌పోలు మంత్రి విధానములను ఖండించుచు కరపత్రములు ప్రకటించెను. ఆ మంత్రి పదవినుండి తొలగిన పిమ్మట 1742లో ఆయన నడవడిని విచారించుటకు పార్లమెంటు నియమించిన రహస్యసంఘమునకు రాబిన్సే కార్యదర్శి యయ్యెను.

లభింపని పదవి, వెలసిన గ్రంథము

1741లో ఉల్విచ్ అను చోట సేనాధికారులకు గణితము, ఫిరంగివిద్య నేర్పుటకై రాజకీయ సైనికపాఠశాల స్థాపింపబడెను. అందు ఆచార్యపదవికి రాబిన్సు యత్నించెను. ఆ పదవి ఆయనకు దక్కలేదు. యోగ్యత గల యుపాధ్యాయునకు ఉద్యోగము తప్పిపోవుట మన దేశమునందును క్రొత్త సంగతి కాదు. అట్టి సమయమున నిరాశపడి పుస్తకములు కట్టిపెట్టినవారిని మేము మా యుద్యోగకాలమున పలువురను చూచితిమి. రాబిన్సు అట్లు చేయలేదు. ఆ విషయమున తాను సిద్ధపఱచుకొనిన విచారములను పెంపొందించి, 1742లో ఫిరంగిశాస్త్ర నూతనసూత్రములు అను అర్థము గల పేరుతో ఒక చిన్నగ్రంథమును ప్రకటించెను. ఆ పాఠశాలయందే తరువాతి తరమున ఆచార్యుడైన చార్లెసు హట్టను, రాబిన్సు చూపిన మార్గమునే యనుసరించి పెద్ద ఫిరంగులపై ప్రయోగములు చేసి కీర్తి గాంచెను. పదవి నిరాకరింపబడినను ఆయన పాఠము ఆ పాఠశాలలో ప్రవేశించినది.

ఊగెడు దిమ్మ

గుండు తుపాకినుండి ఎంత వేగముతో వెలువడును? ఈ ప్రశ్నకు రాబిన్సుకు పూర్వము ఊహలే గాని నిశ్చయమైన కొలత లేదు. కంటికి కనబడని వేగమును కొలుచు టెట్లు? ఆయన ఉపాయము మిక్కిలి సులభమైనది. బరువైన కొయ్యదిమ్మను ఇనుపపలకకు బిగించి, మూడుకాళ్ల చట్రమునుండి వ్రేలాడదీసెను. దాని తూనిక సుమారు 56 పౌనులు. దిమ్మ క్రింద సన్నని పట్టీనొకదానిని తగిలించెను. గుండు వచ్చి కొయ్యలో దిగబడి నిలిచిపోవును. దిమ్మ వెనుకకు ఊగును. ఎంత ఊగెనో పట్టీ జాఱిన కొలతయే చెప్పును. ఊపు తెలిసిన దిమ్మ వేగము తెలియును. దిమ్మ వేగము తెలిసిన గుండు వేగము తెలియును.

మన విద్యార్థులు లెక్క వేసి చూతురు గాక. గుండు పౌనులో 12వ భాగమనుకొందము. 56 పౌనుల దిమ్మ దానికి 672 రెట్లు బరువు. గుండు దిమ్మలో దిగబడిన పిమ్మట రెండును కలిసి సెకనుకు రెండున్నర అడుగుల వేగముతో కదలినచో, గుండు వచ్చిన వేగము 673ను రెండున్నరతో గుణింపగా వచ్చిన సుమారు 1,680 అడుగులు. దిమ్మ వ్రేలాడు తీరును బట్టి చేయవలసిన సవరణలు వేఱుగ నున్నవి గాని ఉపాయసారము ఇదియే. పట్టుటకు వీలు లేని వేగమును, పట్టుటకు వీలైన మందగమనముగా మార్చి కొలిచెను.

ఈ సాధనముతో ఆయన మందు కొలతను మార్చి, గొట్టపు నిడివిని మార్చి, గుండు బరువును మార్చి పలుమాఱులు ప్రయోగించెను. మందు మండి యేర్పడు వాయువు చల్లాఱిన పిమ్మట మందు ఘనపరిమాణమునకు సుమారు 244 రెట్లుండునని కనుగొనెను. మండుచున్నప్పటి వేడిమి వలన దాని యొత్తిడి వాతావరణపు టొత్తిడికి సుమారు వేయిరెట్లని గణించెను. మందు రెండింతలైనంత మాత్రమున వేగము రెండింతలు కాదని నిరూపించెను. మందు చెమ్మను పీల్చినచో దాని బలము తగ్గునని తెలిపెను. మన వేటకాండ్రు చేతితో ఎఱిగినదానినే యాయన అంకెలయందు నిలిపెను.

వాయువు యొక్క నిరోధము

అప్పటి ఫిరంగిగ్రంథములయందు గుండు గమనమార్గము గెలీలియో చెప్పిన పరవలయమే యని వ్రాయుచుండిరి. గాలి పలుచని పదార్థము గనుక బరువైన గుండును అది యేమి చేయగలదని వారి తలంపు. రాబిన్సు దిమ్మను వేఱువేఱు దూరములయందుంచి గుండు వేగము ఎంత తగ్గెనో కొలిచి చూచెను. ముక్కాలంగుళపు గుండు సెకనుకు సుమారు 1,670 అడుగుల వేగముతో పోవునప్పుడు గాలి దానిని పట్టియాపు బలము గుండు తూనికకు 120 రెట్లని తేలెను. గాలియే లేనిచో సుమారు 16 మైళ్లు పోవలసిన 24 పౌనుల ఫిరంగిగుండు మూడు మైళ్లయినను పోకుండుటకు కారణమిదియే. అంతియే గాక వేగము శబ్దవేగమును సమీపించి మించినప్పుడు ఈ నిరోధము అంతకుముందటి వరుసను తప్పి మిక్కిలి పెరుగునని కనుగొనెను. రెండువందల యేండ్లకు తరువాత విమానములు ధ్వనివేగమును సమీపించినప్పుడు శాస్త్రజ్ఞులు ఎదుర్కొనిన చిక్కు ఇదియే. ఈ ప్రయోగములకు గాను రాయల్ సొసైటీవారు 1746లో ఆయనకు కోప్లీ పతకము నొసగిరి.

గుఱి తప్పుటకు కారణము

ఇక ముఖ్యమైన ప్రశ్న. తుపాకిని కదలకుండ బిగించి, మందు సమముగా పోసి, గాలి వీచని దినమున కాల్చినను గుండు ఒకమాఱు కుడికిని ఒకమాఱు ఎడమకును పోవును. దగ్గఱనున్న పలకను తప్పక తాకు తుపాకియే దూరము హెచ్చినకొలది గుఱిని మఱచును. కాల్చువాని చేయి వణకినదనుటకు వీలు లేదు. మఱి దోషమెచ్చటిది?

రాబిన్సు చెప్పిన కారణమిది. నున్నని గొట్టములో గుండు కొంచెము వదులుగానుండును. వెలువడునప్పుడు అది గొట్టపు గోడను రాచుకొని దొరలును. ఏ వైపు రాచుకొనెనో ఆ వైపును బట్టి తనలో తాను తిరుగుచు బయలువెడలును. అట్లు తిరుగు గుండునకు ఒక ప్రక్క గాలి యొత్తిడి యెక్కువయు, వేఱొక ప్రక్క తక్కువయు నగును. అందువలన అది ప్రక్కకు నెట్టబడును. ప్రతిమాఱు రాపిడి వేఱువేఱుగానుండుట వలన నెట్టబడు దిక్కును వేఱగుచుండును.

దీనిని ఋజువు చేయుటకు ఆయన జంటదారమునకు బంతిని వ్రేలాడగట్టి, దారమును మెలిపెట్టి, ఊగవిడిచెను. మెలి విడుచుకొని బంతి గిరగిర తిరుగగానే దాని ఊపు నేరుమార్గము విడిచి ప్రక్కకు తొలగెను. ఇంతకంటె చిత్రమైన ప్రయోగమొకటి కలదు. తుపాకి గొట్టపు కొనను ఎడమకు వంచి, ఎదుట పలుచని కాగితపు తెఱలను వరుసగా నిలిపి కాల్చెను. గొట్టము ఎడమకు వంగినది గనుక గుండు ఎడమకే పోవలెనని చూచువారందఱు తలంతురు. గుండు మొదట ఎడమకు పోయినను, పిమ్మట వంగి కుడివైపునకు తిరిగెను. వంపునందు కుడిగోడను రాచుకొని దొరలినందున కలిగిన భ్రమణమే దీనికి కారణము. ఈ ఫలమును ఆయన ముందుగ సిద్ధాంతమును బట్టి చెప్పి, పిమ్మట ప్రయోగమున చూపెను.

ఆయిలరు మహాశయుని యాక్షేపణ

అప్పటి యూరపు గణితజ్ఞులలో సార్వభౌముడు లెయొనార్డు ఆయిలరు. ప్రష్యా రాజాస్థానమునందుండిన ఆ మహాపండితుడు రాబిన్సు గ్రంథమును 1745లో జర్మనుభాషలోనికి తెచ్చి, మూలమునకు అనేక రెట్లు విపులమైన వ్యాఖ్యానము రచించెను. మన దేశమున సూత్రగ్రంథములకు భాష్యములు వెలసినట్లు ఈ చిన్నగ్రంథమునకు మహాభాష్యము వెలసినది. ఆయిలరు పలుచోట్ల రాబిన్సును శ్లాఘించెను. కొన్నిచోట్ల దిద్దెను. కాని గుండు తిరుగుట వలన ప్రక్కకు తొలగునను మాటను మాత్రము అంగీకరింపలేదు. గుండు సరియైన గుండ్రముగా లేకపోవుటయే గుఱి తప్పుటకు కారణమని ఆయన మతము. ఆయిలరు కీర్తి గొప్పది యగుటచే చాలకాలము లోకము ఆయన మాటనే నమ్మెను. బెర్లిను నగరమున మాగ్నసు అను పండితుడు 1852లో ప్రయోగములు చేసి ఆ భ్రమణఫలమును మఱల స్థాపించెను. నేడు శాస్త్రగ్రంథములు దానిని మాగ్నసు పేరుతో వ్యవహరించుచున్నవి. మన పల్లెబయళ్లలో క్రికెట్టు ఆడు బాలురు బంతిని వ్రేళ్లతో త్రిప్పి గాలిలో వంపు తిరుగునట్లు వేయుచున్నారు గదా. దాని మర్మమును నూఱేండ్లు ముందుగ చెప్పినవాడు రాబిన్సు. ప్రత్యక్షము ఎదుటనున్నప్పుడు ఎంతటి పండితుని మాటయైనను ప్రమాణము కాదను తర్కశాస్త్రమర్యాద ఇచ్చట స్పష్టమగుచున్నది.

మెలిచాళ్ల తుపాకి

భ్రమణము గుఱికి శత్రువైనచో రైఫిలు ఏల గుఱి తప్పదు? ఈ తుపాకి గొట్టము లోపల మెలికలు తిరిగిన చాళ్లుండును. జర్మనుదేశపు పనివారు ఇట్టి తుపాకులను రెండువందల యేండ్లకు ముందునుండియే చేయుచుండిరి. వేటగాండ్రు వానిని మిక్కిలి మెచ్చుచుండిరి. కాని అవి యేల గుఱి నిలుపునో ఎవ్వరును సరిగా చెప్పలేకపోయిరి. రాబిన్సు 1747 జూలైలో రాయల్ సొసైటీయందు చదివిన వ్యాసమున ఈ రహస్యమును విప్పెను.

నున్నని గొట్టమునందు గుండు ఏ దిక్కునకైనను తిరుగవచ్చును. మెలిచాళ్ల గొట్టమునందు అది పోవు మార్గమునే ఇరుసుగా చేసికొని తిరుగును. అప్పుడు గాలి యొత్తిడి అన్ని ప్రక్కలను సమమగును. గుండునందు ఏదైన లోపమున్నను, తిరుగుట వలన ఆ లోపము ఒక ప్రక్కకే నిలువక అన్ని దిక్కులకు పంచబడి పోవును. కొయ్యతో చేసిన గుండును కొద్ది మందుతో కాల్చి, గొట్టములో ముందునకున్న ముఖమే లక్ష్యమును తాకుచున్నదని ఆయన పరీక్షించి చూపెను. అంతటితో నిలువక, గుండ్రని గుండునకు మాఱుగా గ్రుడ్డు ఆకారపు గుండును వాడుట మేలనియు, బరువైన కొన ముందుండవలెననియు, నోటినుండి గాక వెనుకనుండి నింపు తుపాకి ఉత్తమమనియు సూచించెను. మెలిచాళ్ల తుపాకి మర్మమును సంపూర్ణముగ గ్రహించి సేనలకు దానిని నేర్పు దేశము తక్కిన దేశములను మించునని జోస్యము చెప్పెను.

ఆ మాట నెఱవేఱుటకు నూఱేండ్లు పట్టెను. ఫ్రాన్సునందు మీనియే 1849లో మొనగల గుండును ప్రచారమునకు తెచ్చెను. ఇంగ్లండున 1853లో ఎన్‌ఫీల్డు రైఫిలు వచ్చెను. ఆ రైఫిలు తూటాకు పూసిన క్రొవ్వును గూర్చియే 1857లో మన దేశమున సిపాయిల యలజడి ప్రజ్వరిల్లినది. రాబిన్సు సభలో చదివిన వ్యాసపు ఫలము చుట్టి చుట్టి మన చరిత్రలోనికి ఇట్లు వచ్చినది.

దక్షిణదేశాగమనము, నిర్యాణము

ఇంతలో రాబిన్సు ఇతర కార్యములయందును పేరుపొందెను. ఆన్సను నావికాధిపతి భూప్రదక్షిణ చేసివచ్చిన కథను తెలుపు ప్రసిద్ధగ్రంథము 1748లో వెలువడెను. దాని రచనయందు రాబిన్సుకు గణనీయమైన పాలు కలదు. 1749లో లండనున సంధి యుత్సవమునకు బాణసంచా కాల్పగా, ఆ సందర్భమున ఆకాశబాణములు ఎంత యెత్తు ఎగురునో కొలిపించి వ్యాసము వ్రాసెను. బాణములను యుద్ధమున వాడి ఆంగ్లేయులకు వెఱపు పుట్టించిన మైసూరు సేనల కథ ఆ తరువాతిది.

ఈస్టిండియా కంపెనీవారు తమ కోటలను బాగుచేయుటకై ఆయనను ప్రధాన యంత్రశిల్పిగా నియమించిరి. 1749 క్రిస్మసు దినములలో ఓడ యెక్కి, 1750 జూలైలో కడలూరు చెంతనున్న సెంటు డేవిడ్ కోటను చేరెను. చెన్నపట్టణము 1746లో ఫ్రెంచివారి వశమై 1749లో మఱల ఆంగ్లేయులకు వచ్చినను, 1752 వఱకు వారి రాజధాని ఈ కోటయే. ఆకాశమును పరిశీలించుటకు ఉపకరణములను కూడ రాబిన్సు వెంట తెచ్చుకొనెను.

అది యుపద్రవకాలము. 1750 డిసెంబరులో నాజరుజంగు సెంజి చెంత పఠాను నవాబుల ద్రోహమున హతుడయ్యెను. 1751 ఆరంభమున ముజఫరుజంగు మన రాయలసీమయందే రాయచోటి ప్రాంతమున మడిసెను. ఇట్టి దినములలో రాబిన్సు సెంటు డేవిడ్ కోటకును చెన్నపట్టణమునకును క్రొత్త ప్రాకారముల పటములు సిద్ధపఱచుచుండెను. వచ్చిన రెండు మాసములకే జ్వరము తగిలెను. దానినుండి కొంత తేఱుకొనెను. కాని యీ యెండకు ఆయన శరీరము తాళలేకపోయెను. 1751 జూలై 29వ తేదీన, నలువదినాలుగేండ్ల ప్రాయమున, కంపెనీవారికి నివేదిక వ్రాయుచు, కలము చేతనుండగనే ప్రాణము విడిచెనని చరిత్రకారులు చెప్పుదురు. ఆయన వివాహమాడలేదు. సంతానము లేదు. 1758లో ఫ్రెంచివారు ఆ కోటను పట్టుకొని పడగొట్టిరి. మిత్రుడు జేమ్సు విల్సను 1761లో ఆయన గణితరచనలను రెండు సంపుటములుగా ప్రకటించెను. ఆయన బాగుచేయవచ్చిన కోట కూలినది గాని ఆయన పుస్తకము నిలిచినది.

నేటి కాలమునకు ఫలము

ఇప్పుడు వేటతుపాకులలో ఇత్తడిగుల్లకు చేర్చిన తూటాలు వాడుచున్నారు. చట్టము ఒప్పు దేశములయందు నిపుణులగు వేటగాండ్రు అంగడిలో కొనిన తూటాలతో తృప్తిపడక, గుల్లను శుభ్రపఱచి, మందును తూచి, గుండును తామే యమర్చి, తమ తుపాకికి తగిన తూటాను తామే నింపుకొందురు. పౌనులో 7,000వ భాగమునకు గ్రెయిను అని పేరు. వారు మందును గ్రెయినులో పదవవంతు వఱకు తూచుదురు. ఇంత పట్టుదల యేల యని అడుగవచ్చును.

దీనికి సమాధానము పాఠశాల విద్యార్థి చెప్పగలడు. గాలి నిరోధమును ప్రస్తుతము విడిచి లెక్క వేయుదము. 300 అడుగుల దూరమునందున్న గుఱిని, సెకనుకు 1,500 అడుగుల వేగము గల గుండు సెకనులో అయిదవవంతున చేరును. ఆలోపల అది భూమ్యాకర్షణముచే సుమారు 7 ముప్పాతిక అంగుళములు దిగును. మందు తక్కువైయో, చెమ్మగిల్లియో వేగము 1,200 అడుగులైనచో, కాలము సెకనులో నాలుగవవంతగును. దిగుట 12 అంగుళములగును. చేయి వణకకున్నను, కన్ను చెదరకున్నను, మందులోని భేదము మాత్రముననే గుండు నాలుగంగుళములకు పైగా క్రిందికి తగులును. అందుచే బలము హెచ్చించుట కంటె ప్రతి తూటాను సమానముగ చేయుటయే గుఱికి మూలము. ఈ సమానతను పరీక్షించుటకు నేడు విద్యుత్సాధనములున్నవి. వానికి పూర్వము చాలకాలము ఆ పని చేసినది రాబిన్సు ఊగెడు దిమ్మయే.

ఈ వ్యాసమును చదివి యువకులెవ్వరును నాటుతుపాకిని వెదకరాదు. 1959 ఆయుధచట్టము ప్రకారము అనుమతిపత్రము లేక తుపాకి యుంచుటయు, తూటా చేయుటయు నేరము. 1972 వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను నిషేధించినది. పంటను పాడుచేయు అడవిపందిని చంపుటకును అధికారుల యనుమతి కావలెను. లక్ష్యమును కంటితో చూడక శబ్దమును బట్టి బాణము విడిచిన దశరథుని కథ మనకు తెలియును. గుఱి కుదిరినంత మాత్రమున వధ ధర్మము కాదు. అడవియు మృగములును తగ్గిన ఈ కాలమున వేట మన జీవనము కాదు, కానేరదు.

ఐనను వేటయందు మన పెద్దలు గడించిన జ్ఞానము వేటతోబాటు నశింపవలసిన పని లేదు. మందు పాళ్లు, ఏ కట్టెబొగ్గు మేలు, ఏ గాలికి గుఱి ఎట్లు మార్చవలెను, అడుగుజాడలను బట్టి మృగమును పోల్చు విధము, వీని కన్నింటికి వారు వాడిన తెలుగు కన్నడ పదములు, ఇవి యెఱిగిన వృద్ధులు మన పల్లెలలో నేడు వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది మాత్రమే మిగిలియున్నారు. చదువుకొనిన యువకులు వారి చెంత కూర్చుండి, విని, వ్రాసియుంచవలెను. మన సంఘము ఏటేట కొన్ని పుటలు ఇందుకై కేటాయించిన మేలగును. రెండవది, మన బాలురు కులవృత్తి పోయినదని చింతింపక, ఆ వృత్తిలోనుండిన ప్రశ్నను పట్టుకొని శాస్త్రము నేర్వవలెను. వేటగాని మనుమడు యంత్రశాస్త్రజ్ఞుడు కాగలడు. దర్జీ కొడుకు చేసి చూపెను గదా.

ఏకలవ్యుడు గురువు లేకయే విద్య నేర్చి, ఆ విద్యకు ఆధారమైన వ్రేలిని కోల్పోయెను. రాబిన్సుకు ఆచార్యపీఠము లభింపకపోయినను ఆయన విద్య పోలేదు. ఏలయన, ఆయన దానిని కొలిచి, లెక్కించి, గ్రంథముగా వ్రాసి లోకమునకిచ్చెను. వ్రాసిన విద్యను ఎవ్వరును కోసికొని పోలేరు. మన పిల్లలకు అట్టి విద్య అలవడుగాక.